తేనెపట్టు దగ్గర డ్రోన్, గడ్డి మిషన్ వాడాల్సి వస్తే ఏం చేయాలి

గడ్డి మిషన్ తాడు లాగే ముందు ఒకసారి తల పైకెత్తి చూడండి. డ్రోన్ ఎగరేసే ముందు కూడా అంతే. విశాఖలో తేనెపట్టు అంటే కంబాలకొండ అడవిలోనో, సింహాచలం కొండ మీదో ఉండేదని చాలామంది అనుకుంటారు. అది మీ అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తు సన్‌షేడ్ కింద ఉండొచ్చు, కాలనీ పార్కు పక్క నీళ్ల ట్యాంకు అడుగున ఉండొచ్చు, గోడ వారగా పెంచిన గోరింట కంచెలో మీ మోకాలి ఎత్తులోనే ఉండొచ్చు. మిషన్ పెట్టి హోరెత్తించే దాకా అక్కడ పట్టు ఉన్న సంగతే మనకు తెలియదు.

ఇంటి వెనక ఒకటో రెండో తేనె పెట్టెలు పెట్టుకున్నవారికి, అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో తోట పని చేయించేవారికి, రుషికొండ, భీమిలి వైపు పెళ్లి వీడియోలు తీసే డ్రోన్ కుర్రాళ్లకు, ఆనందపురం, పద్మనాభం మండలాల్లో తోటలకు డ్రోన్‌తో మందు కొట్టించే రైతులకు ఇది పనికొస్తుంది. పనులు వేరైనా అందరికీ అడ్డొచ్చేది తేనెటీగే.

అసలు వాటికి ఏం వినిపిస్తుంది?

తేనెటీగకు మనలా చెవులు లేవు. మీసాల మొదట్లో ఉండే ఒక అవయవంతో, అతి దగ్గరలో గాలి కదలికను పసిగడుతుంది. అదీ సుమారు 500 హెర్ట్జ్, అంటే సెకనుకు 500 ఊపుల దాకానే. దానికంటే పదునైన ఇంద్రియం కాళ్లలో ఉంది. నిలబడిన చోటు, అంటే పట్టు, కొమ్మ, పెట్టె చెక్క, ఏమాత్రం అదిరినా కాళ్లకు తెలిసిపోతుంది. పెట్టెలోని ఈగలకు కొన్ని రకాల అదురు తగిలితే ఎక్కడివక్కడ కదలకుండా ఆగిపోతాయని 1950ల నాడే గమనించారు. చీకటి గూట్లో ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి అవి వాడేదీ ఈ అదురునే.

అందుకే జాతీయ రహదారి 16 పక్కన లారీలు రాత్రింబవళ్లు హారన్లు కొడుతున్నా, ఆ పక్క చెట్టు మీది పట్టు నెలల తరబడి నిమ్మకు నీరెత్తినట్టు ఉంటుంది. ఆ చప్పుడు గాలిలో వచ్చి పోయేది, పైగా రోజూ ఉండేది. అదే చెట్టు మొదట్లో చెయిన్ రంపం ఆనించండి, రెండో నిమిషానికి మీరు పరుగెత్తాల్సి రావచ్చు. మిషన్ ఎంత మోగుతోందన్నది రెండో ప్రశ్న. దాని అదురు పట్టుకు చేరే దారి ఉందా, దాని గాలి పట్టుకు తగులుతుందా, దాని పొగ అటు వెళ్తోందా, అది పట్టు ముందు హఠాత్తుగా కదిలిందా అన్నవి మొదటి ప్రశ్నలు. సైలెన్సర్ బాగున్న మిషన్ కొన్నాం కదా అని ధైర్యం తెచ్చుకునేవారు ఈ నాలుగూ మరిచిపోతారు.

డ్రోన్ విషయంలో ఇంకొక చిక్కుంది. చిన్న డ్రోన్ మోటారు నిమిషానికి 6,000 సార్లు తిరుగుతోందనుకుంటే, ఒక్కో ఫ్యానుకు రెండు రెక్కలు కాబట్టి సెకనుకు 200 సార్లు గాలిని కొడుతుంది. తేనెటీగ రెక్కలు కూడా సెకనుకు 200 సార్లకు పైగానే కొట్టుకుంటాయి. అంటే డ్రోన్ మోత సరిగ్గా ఈగలు పసిగట్టే మేరలోనే పడుతుంది. భుజానికి తగిలించుకుని గడ్డి కోసే బ్రష్ కట్టర్ కూడా అంతే. టూ స్ట్రోక్ ఇంజను నిమిషానికి 7,200 సార్లు తిరిగితే సెకనుకు 120 పేలుళ్లు. కాకపోతే ఈ మోత దగ్గరలోనే పనిచేస్తుంది. దూరం పెరిగేకొద్దీ ఈగకు అందే గాలి కదలిక వేగంగా పడిపోతుంది. దూరాన్ని మించిన మందు లేదు.

మొదటి పని: ఏ ఈగో తేల్చుకోండి

పని మొదలుపెట్టే ముందు రోజు, ఎండ బాగా ఉన్న వేళ, స్థలం చుట్టూ నిదానంగా నడవండి. చెట్ల కొమ్మల అడుగు, సన్‌షేడ్లు, ట్యాంకులు, కంచెలు, చెట్టు తొర్రలు, పుట్టలు, వాడకుండా పడేసిన కూలర్లు, కరెంటు మీటరు పెట్టెలు చూడండి. గూడు కనిపించకపోయినా, ఒకే గీతలో వస్తూ పోతూ ఉండే ఈగల్ని గమనిస్తే అవే చూపిస్తాయి. ఫోన్ కెమెరా జూమ్ చాలు, దగ్గరికి వెళ్లనక్కర్లేదు.

పెద్ద తేనెటీగ, కొందరు కొండ తేనెటీగ అంటారు, దీనితోనే అసలు ప్రమాదం. ఎత్తైన కొమ్మకో కాంక్రీటు అంచుకో ఒకటే పెద్ద పట్టు, బయటికే వేలాడుతూ ఉంటుంది. మీటరు దాకా వెడల్పు ఉండొచ్చు. పైకి కనిపించే నల్లటి తెర అంతా ఈగలే. గూటికి గోడల్లేవు కాబట్టి ఆ తెరే గోడ, ఆ తెరే కాపలా. రేగితే వేలల్లో వస్తాయి, వందల మీటర్లు తరుముతాయి. దీని కింద ఏ మిషనూ వాడకండి, అంతే. తక్కువ సేపైతే పర్లేదు, మెల్లగా చేస్తే పర్లేదు అనే మాటలు వినకండి.

పుట్ట తేనె ఈగ తొర్రల్లో, పుట్టల్లో, గోడ కంతల్లో వరసగా చాలా పట్లు పెడుతుంది. మన ఇళ్లలో చెక్క పెట్టెల్లో పెంచేది ఎక్కువగా ఇదే. గూడు లోపల ఉంటుంది కాబట్టి కాస్త సాధువు. పెట్టె అదిరితే ముందు లోపలి నుంచి బుస్సుమని ఒక అల లాంటి శబ్దం వస్తుంది, వందల ఈగలు ఒక్కసారి రెక్కలు విదిల్చే శబ్దం అది. విన్నారంటే మిషన్ ఆపే సమయమైంది. మరీ విసిగితే ఇవి మిమ్మల్ని కుట్టకుండా పెట్టెనే వదిలేసి లేచిపోతాయి. పెంపకందారుకు కుట్టడం కంటే ఈ నష్టమే పెద్దది.

జుంటి తేనె పెట్టే చిన్న ఈగ పొదల్లో, కంచెల్లో అరచేతి పాటి పట్టు పెడుతుంది. కుట్టినా పెద్ద బాధ ఉండదు, తరమడం తక్కువ. కానీ కంచె కత్తిరించే మిషన్‌కు ముందుగా బలయ్యేది ఇదే. దాని చుట్టూ రెండడుగుల కొమ్మ వదిలేసి మిగతాది కత్తిరించండి. కొన్ని వారాల్లో అదే వెళ్లిపోతుంది.

గడ్డి కోయడం

పెట్టె మీదే అయితే ఇది చాలా సులువైన వ్యవహారం. ముందుగా పెట్టె చుట్టూ నాలుగైదు అడుగుల మేర గడ్డే లేకుండా చేసుకోండి. పాత ఫ్లెక్సీ పరిచి పైన కంకర పోయండి, లేదా ఇటుకలు పేర్చండి. గడ్డి లేనిచోటికి మిషన్ వెళ్లే పనే లేదు. ఇంతకంటే మంచి ఉపాయం నాకు కనిపించలేదు. స్టాండు కాళ్ల కింద పాత టైరు ముక్కలు పెడితే నేల నుంచి వచ్చే అదురు కూడా కొంత తగ్గుతుంది. చీమలు ఎక్కకుండా కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టేవారు ఆ ముక్కను గిన్నె అడుగున పెట్టుకోవాలి.

కోసే రోజు వేళ చూసుకోండి. ఉదయం 8 గంటల నుంచి 11 దాకా మేతకు వెళ్లే ఈగలు పెట్టె ముందు బారులు తీరి ఉంటాయి. ఆ దారికి అడ్డంగా మనిషి, మిషన్ నిలబడితే వచ్చే ఈగలన్నీ మీ చుట్టూ పోగవుతాయి. తెల్లవారి వెలుగు వచ్చీ రాకముందు గానీ, సాయంత్రం ఈగలన్నీ లోపలికి చేరాక గానీ కోయండి. మబ్బు పట్టిన రోజు, వాన ముందు ఉక్కపోత, అల్పపీడనం పట్టుకున్న అక్టోబరు, నవంబరు రోజులు వద్దు. మేత దొరక్క ఈగలన్నీ ఇంట్లోనే ఉంటాయి, చిరాకుగా ఉంటాయి.

తెల్లటి, లేత రంగు బట్టలు వేసుకోండి. నలుపు, ముదురు రంగు, ఉన్ని లాంటి గరుకు బట్ట వాటికి ఎలుగుబంటిలా కనిపిస్తుందో ఏమో, ముందు అక్కడే కుడతాయి. సెంటు, వాసన నూనె వద్దు. మిషన్‌కు పెట్రోలు పోయడం, తాడు లాగి స్టార్ట్ చేయడం పెట్టెకు కనీసం 15 మీటర్ల దూరంలో చేయండి. చల్లటి ఇంజను మొదటి నిమిషంలో వదిలే నీలం పొగ, ఆ దడదడ అక్కడే అయిపోవాలి. తర్వాత దూరం వైపు నుంచి కోయడం మొదలుపెట్టి మెల్లగా దగ్గరికి రండి. ఒకే వేగంలో నడిచే మోతకు ఈగలు కాసేపటికి అలవాటు పడతాయి. మాటిమాటికి యాక్సిలరేటర్ నొక్కి వదిలితే అలవాటు పడవు. మిషన్ నడిపే కుర్రాడికి ఈ ఒక్క ముక్క గట్టిగా చెప్పండి.

కోసిన గడ్డి ఏ పక్కకు ఎగిరి పడుతుందో చూసుకోండి. నైలాన్ తాడుతో తిరిగే కట్టర్ చిన్న రాళ్లను కూడా తుపాకీ గుండులా విసురుతుంది. ఒక్క రాయి పెట్టె చెక్కకు ఠంగున తగిలితే ఇంతసేపూ తీసుకున్న జాగ్రత్త అంతా గాలికి పోతుంది. గడ్డి పడే పక్క ఎప్పుడూ పెట్టెకు వ్యతిరేకంగా ఉండాలి. పచ్చిగడ్డి తరిగిన వాసనకే ఈగలు రేగుతాయని పెంపకందార్లు అంటారు. ఆ వాసన సంగతి ఎలా ఉన్నా, గడ్డి తుంపులు గుమ్మం మీద పడితే మాత్రం కాపలా ఈగలు ఊరుకోవు. చివరి రెండు మీటర్లు మిషన్ ఆపేసి కొడవలితో కోయండి. గుమ్మానికి ఎదురుగా కాకుండా పెట్టె వెనక వైపు నుంచి కూర్చుని కోస్తే పది నిమిషాల పని.

కరెంటు, బ్యాటరీ మిషన్లు పెట్రోలు వాటికంటే నయం. పొగ లేదు, అదురు తక్కువ. కొనే స్తోమత ఉంటే పెట్టెలున్న ఇంటికి అదే కొనండి. ఆకులు ఊదే బ్లోయర్‌ను మాత్రం తేనెపట్టున్న ఆవరణలోకే రానివ్వకండి. బ్యాటరీదైనా సరే. అది నేరుగా గాలి కొడుతుంది, పట్టుకు తగిలిన గాలికి ఈగలు దాడి అనే అర్థం చెప్పుకుంటాయి. చీపురు ఏం పాపం చేసింది?

చెట్టు కొమ్మలు, గోడలు

హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న నగరంలో చెట్లను పడగొట్టిన తర్వాత మనవాళ్లకు కొమ్మల మీద భయం ఎక్కువైంది. తుపాన్ల కాలం రాబోతోందంటే ఇళ్ల మీదికి, కరెంటు తీగల మీదికి వాలిన కొమ్మలు కొట్టించేస్తారు. మంచి పనే. కానీ చెయిన్ రంపం ఎక్కడ ఆనించినా అదురు మాను పొడవునా పాకుతుంది. పట్టు ఉన్న కొమ్మను ముట్టుకోకుండా పక్క కొమ్మ కోస్తున్నాం అనే లెక్క చెల్లదు. చెట్టు ఒకటే అయితే పట్టుకు అదురు ఒకటే.

కొమ్మ నిజంగా ప్రమాదకరంగా ఉంటే ముందు పట్టు సంగతి చూడాలి, ఆ తర్వాతే రంపం. కొట్టడానికి వచ్చే మనుషులకు పట్టు ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి. పని ఇచ్చేటప్పుడు ఫోన్లో చెప్పిన మాట చెట్టెక్కేవాడి దాకా చేరదు. కొమ్మకు తొందర లేకపోతే ఆగండి. పెద్ద తేనెటీగ కాపురం చాలావరకు సీజన్‌కే, మేత అయిపోగానే పట్టు ఖాళీ చేసి లేచిపోతుంది. ఖాళీ మైనపు పట్టు తెల్లగా, పలచగా కనిపిస్తుంది, నల్లటి తెర ఉండదు. అప్పుడు కొట్టించుకోండి.

అపార్ట్‌మెంట్లకు సంక్రాంతి ముందు రంగులేయించేవారిదీ ఇదే సమస్య. తాళ్ల మీద వేలాడే పెయింటర్‌కు పరుగెత్తే దారి ఉండదు. గోడకు డ్రిల్లింగ్ మిషన్ పెడితే ఆ అదురు శ్లాబు గుండా పై సన్‌షేడ్‌కు చేరుతుంది. పట్టున్న గోడకు ఆ నెల రంగు లేకపోతే పండగ ఆగిపోదు.

పట్టు తీయించక తప్పదంటే ఆ పని తెలిసినవాళ్లనే పిలవండి. పెట్రోలు గుడ్డ వెలిగించి కాల్చేవాళ్లు నగరంలో సులువుగా దొరుకుతారు. వాళ్లు ఈగల్ని చంపుతారు, మిగిలినవాటిని కాలనీ మీదికి వదిలి వెళ్లిపోతారు. పొగ సరిగ్గా వాడితే ఈగల ప్రమాద సంకేతం వాసనను కప్పేస్తుంది, వాటిని తేనె తాగే పనిలో పెడుతుంది, అందుకే అవి శాంతిస్తాయి. మంట ఆ పని చేయదు.

డ్రోన్ ఎగరేయడం

విశాఖలో డ్రోన్ అంటే తేనెటీగల కంటే ముందు నేవీ గుర్తుకు రావాలి. నౌకాదళ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా ఇక్కడే ఉంది. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఈ ఊళ్లోనే ఉంది. డ్రోన్ రూల్స్, 2021 ప్రకారం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై ఆన్‌లైన్ మ్యాపులో మీరు ఎగరేసే చోటు ఎర్ర జోనా, పసుపు జోనా, ఆకుపచ్చ జోనా అని చూసుకోవాలి. ఎర్ర జోన్‌లో 250 గ్రాముల లోపు బుల్లి డ్రోన్‌కు కూడా అనుమతి కావాల్సిందే. ఆకుపచ్చలోనూ మామూలుగా 400 అడుగులే హద్దు. ఇది తేల్చుకున్నాక ఈగల సంగతి.

షూట్ చేసే చోటుకు అరగంట ముందే వెళ్లి నడిచి చూడండి. కొండ అంచులు, పాత కట్టడాలు, ఎత్తైన చెట్లు, హోటళ్ల పై అంతస్తుల అడుగు భాగాలు, ఇవన్నీ పెద్ద తేనెటీగకు ఇష్టమైన చోట్లు. డ్రోన్‌కు అందమైన షాట్ దొరికేదీ అక్కడే, అదే గొడవ. పట్టు కనిపిస్తే డ్రోన్ లేచే చోటు, దిగే చోటు దానికి కనీసం 50 మీటర్ల దూరంలో పెట్టుకోండి. ఎగిరేటప్పుడు ఏ పక్క నుంచీ 30 మీటర్ల లోపలికి పోనివ్వకండి. ఇవి నేను పాటించమని చెప్పే దూరాలు, ఏ చట్టంలోనూ రాసిలేవు. ఇంకా ఎక్కువైతే ఇంకా మంచిది.

పట్టుకు ఎదురుగా, అదే ఎత్తులో, ఒకేచోట నిలబెట్టడం అన్నిటికంటే చెడ్డ పని. తేనె గద్ద వచ్చి పట్టును పీకే ముందు, పెద్ద కందిరీగ వచ్చి ఈగను ఎత్తుకుపోయే ముందు సరిగ్గా అలాగే ఎదుట తచ్చాడతాయి. పెద్ద తేనెటీగ వాటికి జవాబిచ్చే తీరు చూడముచ్చటగా ఉంటుంది. తెర మీది ఈగలు వరసగా పొట్టలు పైకెత్తి దించుతాయి, ఒక మెరుపు అల పట్టు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి సెకను లోపే పాకిపోతుంది. స్టేడియంలో జనం లేచి కూర్చునే అలను చూశారు కదా, అచ్చం అదే. చాలామంది ఆ అలను చూసి భలే ఉందని ఇంకా దగ్గరికి తీసుకెళ్తారు. అది మొదటి హెచ్చరిక. రెండోసారి అల వచ్చిందంటే వెనక్కి రండి. పట్టు కింది అంచు నుంచి ఈగలు జారి గాలిలోకి లేస్తుంటే హెచ్చరికల దశ దాటిపోయింది.

వెనక్కి తీసుకొచ్చే పద్ధతి కూడా ఉంది. ముందు అడ్డంగా పట్టుకు దూరంగా జరపండి, తర్వాత పైకి లేపండి. పట్టు నెత్తి మీదుగా లేపితే ఫ్యాన్ల గాలి కిందికి కొట్టి తెరను చెదరగొడుతుంది. తేనెటీగ గంటకు 20 నుంచి 25 కిలోమీటర్ల వేగంతో ఎగురుతుంది, మామూలు కెమెరా డ్రోన్ దానికి రెట్టింపు పోగలదు. కాబట్టి డ్రోన్ తప్పించుకోవడం కష్టం కాదు. అలవాటు కొద్దీ దాన్ని నేరుగా మీ దగ్గరికి తెచ్చుకుంటే మాత్రం, వెంటపడ్డ ఈగలన్నిటినీ పెళ్లివారి మధ్యకు తెచ్చినట్టే. జనం లేని వైపు, సముద్రం మీదికో బీడు మీదికో, కాసేపు తిప్పి, వెంట ఏమీ లేవని చూసుకుని వేరే చోట దించండి. బ్యాటరీ 30 శాతం ఉండగానే వెనుదిరగాలన్న నియమం ఇలాంటప్పుడే కాపాడుతుంది.

నేవీ హెలికాప్టర్ల గురించి కూడా అడుగుతుంటారు. ఆర్కే బీచ్ మీద నేవీ విన్యాసాల రిహార్సళ్లు జరిగేటప్పుడు మేడ మీది పెట్టెలకు ఏమవుతుందని. ఎత్తులో పోయే హెలికాప్టర్ ఏమీ చేయదు. ఒక నిమిషం పెట్టె గుమ్మం దగ్గర కదలిక ఆగితే ఆగుతుంది, వెంటనే మామూలవుతుంది. మేడ మీద పెట్టె మూత మీద రాయి బరువు పెట్టుకోవడం మాత్రం ఆ రోజుకే కాదు, ఏడాదంతా అవసరం. తీరం గాలి హెలికాప్టర్ కంటే మొండిది.

మందు కొట్టే డ్రోన్

ఇక్కడ లెక్క తారుమారవుతుంది. ఇప్పటిదాకా ఈగ నుంచి మనం జాగ్రత్త పడ్డాం, ఇక్కడ మన నుంచి జాగ్రత్త పడడం ఈగకు చేతకాదు. నమో డ్రోన్ దీదీ పథకం 2023లో వచ్చాక పల్లెల్లో మహిళా సంఘాల చేతికి మందు కొట్టే డ్రోన్లు వస్తున్నాయి. పది లీటర్ల ట్యాంకుతో అది మనిషి కంటే చాలా వేగంగా చేను ముగిస్తుంది. తుంపర్లు సన్నగా ఉంటాయి, ఫ్యాన్ల గాలి వాటిని చెట్టు లోపలికి కొడుతుంది, సముద్రపు గాలి లేస్తే పక్క తోటకూ మోసుకుపోతుంది.

మామిడి పూత మీద తేనెమంచు పురుగుకు, జీడి పూత మీద టీ దోమకు మందు కొట్టే వేళకే తేనెటీగలకు పెద్ద మేత. ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు తేనెటీగకు చాలా విషం. వీలైతే పూత విచ్చకముందే ఆ మందు పని ముగించండి. పూత మీద తప్పదంటే వ్యవసాయ శాఖవారిని అడిగి ఈగకు తక్కువ హాని చేసే మందు ఎంచుకుని, సాయంత్రం ఈగలు గూళ్లకు వెళ్లాక కొట్టించండి. డ్రోన్‌కు అద్దె ఇచ్చేవాళ్లు పొద్దుటి వేళే వస్తామంటారు. సాయంత్రం వస్తేనే డబ్బులని ముందే చెప్పండి.

చుట్టుపక్కల కిలోమీటరు, కిలోమీటరున్నర లోపల పెట్టెలున్నవారికి ముందు రోజే కబురు పంపాలి. పెట్టెల యజమాని ఆ సాయంత్రం ఈగలు చేరాక గుమ్మానికి సన్న జల్లెడ బిగించి, పైన తడి గోనె సంచి కప్పి, గాలి ఆడేలా చూసుకోవాలి. మర్నాడు ఎండెక్కే దాకా మూసి ఉంచితే మన వేడికి లోపల పట్టు కరిగి ఈగలు ఉడికిపోతాయి, కాబట్టి ఎండ ముదరకముందే తెరవాలి. ఒక రాత్రికి మించి మూయాల్సి వస్తే పెట్టెలను వేరే చోటికి తరలించడమే మేలు. కాలనీల్లో దోమల కోసం వచ్చే పొగ మిషన్ విషయమూ దీని కిందికే వస్తుంది. దాని బరబర మోతకు ఈగలకు ఏమీ కాదు, అందులో కలిపే మలాథియాన్‌తోనే చస్తాయి. వీధి చివర మోత వినిపించగానే గుమ్మం మీద తడి గోనె వేసి, పొగ విడిపోయాక తీసేయండి.

రేగితే

మిషన్ ఆపడానికి ఆగకండి, చేతిలోంచి వదిలేసి పరుగెత్తండి. బ్రష్ కట్టర్ అయితే భుజానికున్న బెల్టు ఒక్క లాగుకు ఊడేలా ముందే చూసుకుని ఉండాలి. చొక్కా పైకి లాగి ముఖం, తల కప్పుకోండి. ఈగలు జుట్టు మీదికి, ఊపిరి వచ్చే నోరు, ముక్కు మీదికే వస్తాయి. చేతులు ఊపొద్దు. తిన్నగా పరుగెత్తి ఇంట్లోకో కారులోకో దూరి తలుపు మూసుకోండి. నాలుగైదు ఈగలు మీతో లోపలికి వస్తాయి, పర్లేదు, బయట వేలున్నాయి. సముద్రంలోకో చెరువులోకో దూకితే తల బయటపెట్టే దాకా అవి పైనే తిరుగుతుంటాయి.

కుట్టిన ఈగ ముల్లు, విషపు సంచి చర్మంలోనే వదిలి పోతుంది. ఆ ముల్లు నుంచి అరటిపండు వాసన లాంటి సంకేతం వస్తుంది, మిగతా ఈగలకు అదే గురి. గోటితో గీకినా, లాగినా ఫర్వాలేదు, ఎంత త్వరగా తీస్తే అంత మంచిది. సబ్బు నీళ్లతో కడిగి, ఐసు గుడ్డ పెట్టండి. సున్నం రాస్తే లోపలికి పోయిన విషం బయటికి రాదు. ఊపిరి ఆడకపోయినా, పెదాలు, నాలుక వాచినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, కళ్లు తిరిగినా ఒక్క కుట్టే అని ఊరుకోకండి, 108కి ఫోన్ చేయండి. పదుల సంఖ్యలో కుట్టినవారు ఆ కాసేపటికి బాగానే ఉన్నా ఆసుపత్రికి వెళ్లాలి. ఆ విషం కండరాలను దెబ్బతీసి ఒకటి రెండు రోజుల తర్వాత కిడ్నీల మీద పడుతుంది. పిల్లలు, ముసలివారు, గుండె జబ్బున్నవారి విషయంలో కుట్లు లెక్కపెడుతూ కూర్చోవద్దు.

వదిలేసిన మిషన్ కోసం ఆ రోజే వెనక్కి వెళ్లకండి. రాత్రి టార్చి పట్టుకుని వెళ్లడం ఇంకా పొరపాటు, రేగి ఉన్న పెద్ద తేనెటీగలు వెలుతురు మీదికే వస్తాయి, వెన్నెల ఉంటే అవి రాత్రి మేతకు కూడా వెళ్తాయి. మర్నాడు పొద్దున్నే దూరం నుంచి పట్టు సర్దుకుందో లేదో చూసి తెచ్చుకోండి. తెచ్చాక డ్రోన్ ఫ్యాన్లు, కట్టర్ పిడి, గార్డు, మీ చొక్కా, గ్లవుజులు అన్నీ సబ్బు నీళ్లతో కడగండి. నలిగిన ఈగల ముళ్ల వాసన వాటి మీద ఉంటుంది. కడగకుండా అదే డ్రోన్ వేరే చోట ఎగరేస్తే, అక్కడి పట్టుకు ఆ సంకేతం ముందే అందిపోతుంది.